బీసెంట్ రోడ్డు దుకాణాలు కలిసికట్టుగా కరెంటు, కర్బనం తగ్గించుకునే విధానం

విజయవాడ బీసెంట్ రోడ్డు వంటి వీధిలో ఒక్క దుకాణం ఒంటరిగా కరెంటు ఆదా చేయగలిగేది కొంతవరకే. పక్కవారు తలుపులు బార్లా తెరిచి చల్లగాలిని వీధిలోకి వదులుతూ గిరాకీని ఆకర్షిస్తుంటే, తన తలుపు మూసుకోవడానికి ఏ యజమానికీ మనసొప్పదు. వెనక సందులో అందరి ఏసీ అవుట్‌డోర్ యూనిట్లూ ఒకదాని వేడిని మరొకటి పీల్చుకుంటూ ఉంటాయి. అందువల్ల ఈ పనిని వర్తక సంఘం చేపట్టాలి.

మొదట ఏమీ కొనవద్దు. ఒకే వరుసలోని పది పదిహేను దుకాణాలను ఒప్పించి, గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు, జనరేటర్ డీజిల్ ఖర్చు సేకరించండి. చాలా ప్రయత్నాలు ఇక్కడే ఆగిపోతాయి. బిల్లు చూస్తే తన వ్యాపారం ఎంత జరుగుతోందో పోటీదారుకు తెలిసిపోతుందన్న అనుమానం వర్తకునికి సహజం, దాన్ని తేలికగా తీసుకోకూడదు. పేర్లకు బదులు అంకెలు వేసి, ఏ అంకె ఎవరిదో అందరూ నమ్మిన ఒక్క ఆడిటరుకే తెలిసేలా ఏర్పాటు చేయండి. తరువాత బిల్లులోని కరెంటు యూనిట్లను దుకాణం చదరపు అడుగులతో భాగించి, బట్టల దుకాణాన్ని బట్టల దుకాణంతోనూ, హోటల్‌ను హోటల్‌తోనూ మాత్రమే పోల్చండి. ఒకే రకం వ్యాపారంలో పెద్ద తేడా కనబడితే యజమాని కారణాన్ని తానే వెతుక్కుంటాడు. ఏ ఉపన్యాసమూ అంత పని చేయదు. ఆషాఢం తగ్గింపు అమ్మకాలు, దసరా, సంక్రాంతి రద్దీ వల్ల వినియోగం మారుతుంటుంది కనుక, ఏ నెలనైనా నిరుడు అదే నెలతో సరిచూడాలి.

కర్బనం లెక్కకు నిపుణుడు అక్కర్లేదు. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, లీటరు డీజిల్‌కు సుమారు 2.7 కిలోలు వెలువడతాయని తీసుకోవచ్చు. నెలకు 2,000 యూనిట్లు వాడే దుకాణం వాటా ఆ లెక్కన 1.4 టన్నులు.

ఇక తలుపుల విషయం. దీనికి సంఘం తీర్మానం తప్పనిసరి: ఒక తేదీ నిర్ణయించుకొని, ఏసీ నడిచే దుకాణాలన్నీ ఆ రోజు నుంచి అద్దం తలుపు మూసి ఉంచడమో, వీలుకాని చోట ప్లాస్టిక్ పట్టీల తెర లేదా ఎయిర్ కర్టెన్ (గుమ్మం పైనుంచి గాలి తెరలా ఊదే యంత్రం) బిగించుకోవడమో చేయాలి. అందరూ ఒకేసారి మూస్తే గిరాకీ పక్కకు పోతుందన్న భయం ఉండదు. ఏసీని 24 డిగ్రీల కంటే తగ్గించకుండా ఉంచడం కూడా అదే తీర్మానంలో చేర్చండి. ఒక్కో డిగ్రీ పెంచితే ఏసీ కరెంటు ఆరు శాతం వరకు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. సందులో ఎదురెదురుగా వేడిగాలి ఊదుకుంటున్న యూనిట్లను డాబా మీదికి మార్చడానికి ఖర్చవుతుంది. అయినా బెజవాడ ఎండాకాలంలో వాటి మీద పడే భారాన్ని బట్టి చూస్తే, కొత్త ఏసీ కొనే ముందు చేయదగిన పని ఇదేనని నా అభిప్రాయం.

ఏసీ సర్వీసింగ్ కాంట్రాక్టు కూడా ఉమ్మడిగా ఇవ్వండి. గ్యాస్ కారిపోతున్నా ఏడాదికోసారి నింపించి ఊరుకోవడం చాలాచోట్ల అలవాటు. చాలా ఏసీల్లో ఉండే ఆర్-410ఏ గ్యాస్ ఒక్క కిలో గాలిలో కలిస్తే రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం, అంటే పైన చెప్పిన దుకాణం నెల మొత్తం వాడే కరెంటు వల్ల వెలువడే దానికంటే ఎక్కువ. లీకు వెతికి మరమ్మతు చేయకుండా గ్యాస్ నింపకూడదన్న నిబంధనను కాంట్రాక్టులో రాయించండి.

ఫ్యాన్లు, దీపాలు కలిసి కొంటే ధర దిగుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉజాలా పథకంలో టోకు కొనుగోలు వల్ల ఎల్‌ఈడీ బల్బు సేకరణ ధర 310 రూపాయల నుంచి 40 లోపుకు పడిపోయింది. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకునే చోట బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యానుకు 30 వాట్ల చుట్టుపక్కల చాలు.

బిల్లులు చూసేటప్పుడు కాంట్రాక్టెడ్ లోడు (కనెక్షన్‌కు రాయించుకున్న కిలోవాట్లు) అవసరానికి మించి ఉందేమో గమనించి, ఉంటే తగ్గించమని డిస్కంకు (విద్యుత్ పంపిణీ సంస్థకు) దరఖాస్తు చేయండి. దీనివల్ల స్థిర చార్జీలు తగ్గుతాయే గాని కర్బనం తగ్గదు కాబట్టి ఆ ఆదాను వేరుగా రాసుకోవాలి. అయితే ఆ సొమ్ములో కొంత ఉమ్మడి నిధికి వస్తే మిగతా పనులు చందాల కోసం ఆగవు.

సోలార్‌ను చివరికి ఉంచండి. పైకప్పు భవన యజమానిది, బిల్లు అద్దెదారుది కావడం వల్ల ఖర్చెవరు పెట్టాలి, లాభమెవరిది అన్న పేచీ వస్తుంది; అద్దె ఒప్పందం తిరగరాసేటప్పుడే దాన్ని తేల్చుకోవాలి. ఒక కిలోవాట్‌కు నీడ పడని జాగా సుమారు 100 చదరపు అడుగులు కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తాయి. ముందు వినియోగం తగ్గించుకొని, తగ్గిన లెక్క మీదే ఎన్ని కిలోవాట్లు అవసరమో నిర్ణయించండి.