కరీబియన్ ఓడ టికెట్టు కొనే ముందు

ముందు వీసా, ఆ తరువాతే ఓడ అందం. మయామిలో ఎక్కితే తిరిగి దిగేదీ అమెరికాలోనే, అంటే రెండో ప్రవేశం. భారతీయ పాస్‌పోర్టులో ఒకే ప్రవేశానికి ఇచ్చిన వీసా ఉంటే చిక్కే.

జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు హరికేన్ల కాలం. సెప్టెంబరులో ధర దిగేది అందుకే! అప్పుడే వెళ్లాలంటే అరూబా, కురసావ్ దీవుల వైపు దక్షిణ మార్గం మేలు. తుపానులు అటు అరుదు.

రేవుల పట్టికలో ‘టెండర్’ అన్న మాట వెతకండి. గ్రాండ్ కేమన్‌లో పెద్ద ఓడలు గట్టుకు చేరవు, చిన్న పడవలోకి దిగాలి; ఆ పడవే టెండర్. అల లేస్తే పడవ అంచు జానెడు పైకి, మూరెడు కిందికి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో అయితే, ఓడ గట్టుకే ఆగే కోజుమెల్ లాంటి రేవులు చూసుకోండి.

కడుపులో తిప్పేవారికి ఓడ మధ్యలో, కింది అంతస్తు గది.

శాకాహారమని బుకింగ్‌లోనే రాయించండి. ఆవకాయ సీసా సంగతి ఓడవారి నిబంధనలు చదివాకే.

ఒక రోజు ముందే ఓడ ఎక్కే ఊరు చేరండి. మీ విమానం కోసం ఓడ ఆగదు.