మాస్క్ స్టడీ పంపి "చూశావా?" అన్నవాళ్లకు జవాబు చెప్పే ముందు

కరోనా రోజులు పోయాయి, మాస్కులు అల్మారా అడుగుకు చేరాయి, మా ఇంట్లో వాటి మీద గొడవ మాత్రం ఇంకా తెగలేదు. పండక్కి అందరూ కలిసి, భోజనాలయ్యాక వక్కపొడి చేతికొచ్చేసరికి మా బాబాయి ఫోన్ తీసి "మాస్కులతో ఏ ఉపయోగమూ లేదని సైంటిస్టులే తేల్చేశారు, చదువు" అంటాడు, నర్సుగా పనిచేసే మా అక్క ఊరుకోదు కదా, వెంటనే ఇంకో లింకు తీస్తుంది. తమాషా ఏంటంటే ఇద్దరి దగ్గరున్నవీ నిజమైన స్టడీలే. 2020లో నేనైతే రెండు వైపులవీ చదవకుండానే ఫార్వర్డ్ చేశాను, అడిగేవాడు లేక బతికిపోయాను. తర్వాత ఒకరోజు విసుగొచ్చి అసలు పేపర్లు తెరిచి కూర్చున్నా. నేను డాక్టర్ని కాదు, అంకెలంటే భయం లేదు, అంతే. అలా చదవడంలో నాకు పనికొచ్చిన పద్ధతి ఇది.

లింకు తెరవగానే ఫలితం దగ్గరికి పరిగెత్తకండి. ముందు ఆ స్టడీ ఏ ప్రశ్న అడిగిందో చూడండి. "మాస్క్ పనిచేస్తుందా?" అనే ఒక్క మాటలో కనీసం నాలుగు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మాస్క్ గుడ్డ గాల్లోని కణాలను ఆపుతుందా? దాన్ని సరిగ్గా పెట్టుకున్న మనిషికి రోగం రాకుండా ఉంటుందా? ఆ మనిషికే రోగం ఉంటే పక్కవాళ్లకు అంటకుండా ఆపుతుందా? అందరూ పెట్టుకోండి అని ప్రభుత్వం చెబితే ఊళ్లో కేసులు తగ్గుతాయా? మొదటిదాన్ని ల్యాబులో యంత్రం పెట్టి తేల్చొచ్చు. నాలుగోది మనుషుల మీద ఆధారపడింది, మనుషుల సంగతి మనకు తెలిసిందే.

హెల్మెట్ గుర్తు తెచ్చుకోండి. హెల్మెట్ తలను కాపాడుతుంది, అందులో వాదన లేదు. కానీ "హెల్మెట్ పెట్టుకోండి అని బోర్డులు పెడితే చావులు తగ్గాయా?" అని ఎవరైనా లెక్క తీస్తే, మోచేతికి తగిలించుకుని సిగ్నల్ దగ్గర పోలీసు కనిపించగానే తలకెక్కించుకునే వాళ్లందరూ ఆ లెక్కలోకి వస్తారు. తెలంగాణలో మాస్కు లేకపోతే 1000 రూపాయల జరిమానా అన్న రోజుల్లో మాస్కులు ఎక్కడ ఉండేవో మీరూ చూశారు. గడ్డం కింద. సగం మందికి ముక్కు బయటే. ఆ లెక్కలో కేసులు తగ్గలేదని తేలితే తప్పు గుడ్డదా, గడ్డానిదా?

రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ తేడా కూడా చిన్నదేం కాదు. 2020 జులైలో కేంద్ర ఆరోగ్యశాఖ వాల్వు ఉన్న ఎన్95 మాస్కులు వాడొద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. పీల్చే గాలి వడకట్టబడుతుంది, కానీ వదిలే గాలి వాల్వులోంచి నేరుగా బయటికి పోతుంది. పెట్టుకున్నవాడికి బాగానే ఉంటుంది, ఎదుటివాడి గతి వేరు. అప్పట్లో మా వీధిలో దాన్ని "ఎన్95 పనికిరాదని గవర్నమెంటే చెప్పింది" అని చెప్పుకున్నారు.

ఇక్కడే ఒక పాత వాదన సంగతి తేల్చేద్దాం. వైరస్ 0.1 మైక్రాన్ ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మాస్కు కన్నాలు అంతకంటే పెద్దవి, ఇనుప కంచెలోంచి దోమ దూరినట్టు దూరిపోతుంది అంటారు. వినడానికి బాగుంది. కానీ వైరస్ ఒంటరిగా రెక్కలు కట్టుకుని రాదు, తుంపరల్లో, ఉమ్ము తేమలో కలిసి వస్తుంది, అవి దానికంటే చాలా పెద్దవి. పైగా ఎన్95 లాంటివి జల్లెడలా పనిచేయవు. పోగులు అడ్డదిడ్డంగా ఉంటాయి, వాటిలో స్థిర విద్యుత్తు ఉంటుంది, మరీ చిన్న కణాలు తిన్నగా పోలేక తూలుతూ వెళ్లి పోగులకు అతుక్కుంటాయి. అన్నిటికంటే కష్టంగా దొరికేవిగా లెక్కగట్టిన 0.3 మైక్రాన్ల దగ్గరి కణాలతో పరీక్ష చేస్తారు, అందులో కనీసం 95 శాతం ఆపితేనే ఆ పేరు. దోమ కథ ఎవరైనా ఎత్తితే ఇంతవరకు చెప్పి ముందుకెళ్లండి, దాని మీద గంట వాదించడం దండగ.

తర్వాతి పని, ఇదే అసలైనది: రెండు గుంపుల అంకెలు వెతికి మీ చేత్తో మీరే భాగించండి. శాతాలు, హెడ్డింగులు నమ్మకండి. డెన్మార్క్ స్టడీతో చేసి చూపిస్తా, ఎందుకంటే బాబాయి చాలాకాలం దాని మీదే బతికాడు. 2020 ఏప్రిల్, మే నెలల్లో చేశారు, నవంబరులో అచ్చయింది. దాదాపు 6000 మందిని చీటీలు తీసినట్టుగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు తలా 50 సర్జికల్ మాస్కులిచ్చి బయటికెళ్తే పెట్టుకోమన్నారు, రెండో గుంపుకు ఆ మాట చెప్పలేదు. నెల తర్వాత చివరిదాకా మిగిలినవాళ్లలో మాస్కు గుంపు 2392 మందిలో 42 మందికి, రెండో గుంపు 2470 మందిలో 53 మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది.

ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. పదివేల మందికి లెక్కేస్తే మాస్కు గుంపులో 176, రెండోదాంట్లో 215. తగ్గిందా? తగ్గింది. నమ్మొచ్చా? ఇక్కడ ఆగాలి. ఇంత తక్కువ కేసులున్నప్పుడు ఒక అపార్ట్‌మెంట్లో ఒక పుట్టినరోజు పార్టీ జరిగినా అంకె అటూ ఇటూ అయిపోతుంది. అందుకే పేపర్లో ఎప్పుడూ "ఎంత నుంచి ఎంత దాకా" అని ఒక హద్దు రాస్తారు. నా దృష్టిలో మొత్తం పేపర్లో చదవాల్సిన ముక్క అదే. డెన్మార్క్ వాళ్ల హద్దు ఇది: మాస్కు వల్ల ఇన్ఫెక్షన్లు 46 శాతం దాకా తగ్గి ఉండొచ్చు, లేదా 23 శాతం దాకా పెరిగి ఉండొచ్చు. అంత వెడల్పు! సగానికి సగం తగ్గితేనే పట్టుకోగలిగేలా ఆ స్టడీని కట్టారు, అంతకంటే చిన్న మేలు ఉంటే దాని కంటికి ఆనదు. పైగా చెప్పినట్టే పూర్తిగా పెట్టుకున్నామని చెప్పినవాళ్లు 46 శాతమే, పక్కవాళ్లకు అంటకుండా ఆపిందా అన్నది వాళ్లు చూడనే లేదు.

అంటే "దొరకలేదు" అనే మాటకూ "లేదు" అనే మాటకూ తేడా పట్టుకోవాలి. బండి తాళం కోసం హాల్లో మాత్రమే వెతికి, ఇంట్లో తాళమే లేదంటే అమ్మ ఏమంటుందో మీకు తెలుసు. అలాగని హాల్లో దొరకలేదు కాబట్టి వంటింట్లో తప్పకుండా ఉందనీ కాదు, మా అక్క ఈ రెండో తప్పు చేస్తుంది.

బంగ్లాదేశ్ స్టడీని కాస్త తీరిగ్గా చదవండి, మన ఊళ్లకు దగ్గరగా ఉండేది అదే. 600 గ్రామాలు, 3 లక్షల 42 వేల మందికి పైగా పెద్దవాళ్లు, 2020 నవంబరు నుంచి 2021 ఏప్రిల్ దాకా. మనుషులను కాకుండా ఊళ్లనే గుంపులుగా విడదీశారు. సగం ఊళ్లలో ఇంటింటికీ మాస్కులు ఊరికే ఇచ్చారు, సంతలో, మసీదు దగ్గర మనుషులను నిలబెట్టి పెట్టుకోండని గుర్తుచేయించారు. ఇంతా చేస్తే సరిగ్గా పెట్టుకునేవాళ్లు 13 శాతం నుంచి 42 శాతానికి చేరారు. ఆ ఊళ్లలో లక్షణాలుండి, రక్తపరీక్షలో కూడా తేలినవాళ్లు 0.76 శాతానికి బదులు 0.68 శాతం.

ఇప్పుడు చూడండి, ఈ ఒక్క అంకెను రెండు రకాలుగా అమ్మొచ్చు. "కేసులు 9 శాతం తగ్గాయి" అంటే అక్క పార్టీ. "పదివేల మందికి ఎనిమిది మంది తేడా, దానికింత హడావిడా" అంటే బాబాయి పార్టీ. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. సర్జికల్ మాస్కులిచ్చిన ఊళ్లలో, అరవై దాటినవాళ్లలో తగ్గుదల 35 శాతం దాకా కనిపించింది, గుడ్డ మాస్కులకు మాత్రం మేలు ఉందని గట్టిగా చెప్పలేకపోయారు. ఇంట్లో పాత చీరతో రెండు పొరలు కుట్టుకుని ధైర్యంగా తిరిగిన నాకు ఆ లైను చదవడం కష్టంగానే అనిపించింది.

మీకు నచ్చిన స్టడీలో కూడా కన్నాలు వెతకండి, ఇది జనం చేయని పని. బంగ్లాదేశ్ దాంట్లో ఎవరికి మాస్కులిచ్చారో అందరికీ తెలుసు, లక్షణాలు వాళ్లు నోటితో చెప్పినవే, రక్తం ఇవ్వడానికి ఒప్పుకున్నవాళ్లకే పరీక్ష చేశారు. మనిషికీ మనిషికీ ఎడం పాటించేవాళ్లు కూడా 24 శాతం నుంచి 29 శాతానికి పెరిగారు, కాబట్టి మేలు మాస్కుదా, ఎడానిదా అని అడగొచ్చు. ఇవి నేను కనిపెట్టినవి కావు, వేరే గణాంక నిపుణులు అప్పుడే లేవనెత్తారు. నాకైతే సర్జికల్ మాస్కుకు కొంత మేలు ఉందనే అనిపిస్తుంది, కానీ దాని మీద పందెం కాయమంటే పెద్ద మొత్తం పెట్టను.

మాస్కుల పక్షంలోనూ గాలి కబుర్లున్నాయి. 2020లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఒక సెలూన్లో కరోనా ఉన్న ఇద్దరు మాస్కులతో పనిచేస్తే 139 మంది కస్టమర్లలో ఎవరికీ లక్షణాలు రాలేదు అన్న రిపోర్టు తెగ తిరిగింది. పరీక్ష చేయించుకున్నది 67 మంది, అందరికీ నెగటివ్. బాగుంది. కానీ మాస్కు లేకుండా కత్తిరించిన సెలూన్ ఏది, పోల్చడానికి? పోల్చడానికి రెండో గుంపు లేని ఏ కథనైనా కథగానే వినండి. 2022లో అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్లు వేసిన బొమ్మ కూడా అంతే: పాజిటివ్ వచ్చే అవకాశం ఎన్95తో 83 శాతం, సర్జికల్‌తో 66, గుడ్డతో 56 తక్కువ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, గుడ్డ అంకె లెక్కల ప్రకారం నిలబడదన్న మాట మాత్రం కింద చిన్న అక్షరాల్లో. అదీ కాలిఫోర్నియాలో టెస్టు చేయించుకున్నవాళ్లను ఫోన్‌లో అడిగి తీసినది. మాస్కు రోజూ పెట్టుకునేవాడు మిగతా జాగ్రత్తలూ తీసుకునే రకం అయ్యుంటాడు కదా.

ఇక కొక్రేన్ రివ్యూ, అంటే ఒక విషయం మీద వచ్చిన స్టడీలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ నివేదిక. 2023 జనవరి ఆఖర్లో వచ్చింది, బాబాయి ఇప్పుడు చూపించేది దీన్నే. చేతులు కడుక్కోవడం లాంటివన్నీ కలిపి 78 ట్రయల్స్ అందులో ఉన్నాయి, మాస్కుల మీదున్నవాటిలో చాలావరకు కరోనాకు ముందు ఫ్లూ రోజుల్లో చేసినవి, పైన చెప్పిన డెన్మార్కూ బంగ్లాదేశూ కూడా ఉన్నాయి. సర్జికల్ లాంటి మాస్కు పెట్టుకోమన్న గుంపుకూ చెప్పని గుంపుకూ ఫ్లూ, కరోనా లాంటి జబ్బుల్లో నిష్పత్తి 0.95, హద్దులు 0.84 నుంచి 1.09 (1 అంటే రెండు గుంపులూ సమానం, తక్కువైతే మాస్కు గుంపులో జబ్బులు తక్కువ). రివ్యూ మొదటి రచయిత టామ్ జెఫర్సన్ ఒక ఇంటర్వ్యూలో మాస్కుల వల్ల తేడా ఉందనడానికి ఆధారమే లేదని తేల్చేశాడు, పేపర్లన్నీ అది ఎత్తుకున్నాయి. మార్చి 10న కొక్రేన్ ముఖ్య సంపాదకురాలు కార్లా సోరెస్-వైజర్ అలా అర్థం చేసుకోవడం తప్పు, ఫలితాలు ఎటూ తేలలేదు, రివ్యూ చూసింది మాస్కులు వాడమని ప్రోత్సహిస్తే ఏమవుతుందన్నది అని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. మొదట చెప్పిన నాలుగో ప్రశ్న ఇదే. దానికి జవాబు తేలకపోతే, జనం దాన్ని మొదటి ప్రశ్నకు జవాబుగా చదివేశారు.

"మరి పెద్ద పెద్దవాళ్లే మాట మార్చారు కదా" అంటారు. మార్చారు. 2020 ఫిబ్రవరి 29న అమెరికా ప్రభుత్వ ముఖ్య వైద్యాధికారి (సర్జన్ జనరల్) మాస్కులు కొనడం ఆపండని ట్వీట్ చేశాడు, ఏప్రిల్ 3న అదే దేశం గుడ్డవైనా కట్టుకోమంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్ 5 దాకా ఆగింది. ఇలాంటప్పుడు తేదీలు పక్కపక్కన రాసుకుని, మధ్యలో కొత్తగా ఏం తెలిసిందో అడగండి. లక్షణాలు లేనివాళ్ల నుంచి కూడా అంటుతుందని ఆ మధ్యలోనే గట్టిపడింది, అది న్యాయమైన కారణం. ఆసుపత్రులకు మాస్కులు చాలవన్న భయం ఇంకో కారణం, దాన్ని నేరుగా చెప్పకుండా "మీకు ఉపయోగం లేదు" అన్నట్టు చెప్పడం పెద్ద తప్పని నా అభిప్రాయం. బాబాయికి నమ్మకం పోయింది అక్కడే, స్టడీల దగ్గర కాదు.

అందుకే ఇంట్లో మాట్లాడేటప్పుడు లింకుకు లింకు విసరకండి. ఒక్క స్టడీ తీసుకోండి, ఇద్దరూ ఒకే స్క్రీన్ చూడండి. "ఇది నాలుగింట్లో ఏ ప్రశ్న?", "రెండో గుంపు ఏది?", "ఎంత నుంచి ఎంత దాకా?" ఈ మూడే అడగండి, అడిగాక మీరు కాసేపు నోరు మూసుకోండి, కష్టమే అయినా. ఎదుటివాళ్లు పెద్దవాళ్లైతే పదిమందిలో ఓడించాలని చూడకండి, వంటింట్లోకో డాబా మీదకో తీసుకెళ్లి అడగండి.

మొన్న సంక్రాంతికి అదే చేశా. డాబా మీద బాబాయి మళ్లీ కొక్రేన్ తీశాడు. "హద్దులు ఎక్కడున్నాయో చూడు బాబాయ్" అన్నా. "నా కళ్లద్దాలు ఏవిరా" అని తెప్పించుకుని చాలాసేపు పైకీ కిందకీ జరిపాడు. చివరికి దొరికింది. "0.84 నుంచి 1.09... అంటే 16 శాతం తగ్గి ఉండొచ్చు, 9 శాతం పెరిగి ఉండొచ్చు, అంతేనా?" అన్నాడు. అంతే అన్నా. కాసేపు గాలిపటాల వైపు చూసి, "మరి మీ అక్క చూపించే దాంట్లో ఎంతట?" అని ఆవిణ్ణి పిలిచాడు.