ఇమిగ్రేషన్ తనిఖీలో వెనక్కి పంపకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు, పంపితే చేయవలసిన పనులు

పాస్‌పోర్టులో వీసా పడగానే ప్రయాణం ఖాయమైనట్టే అనుకోవడం నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా కుటుంబాలకు అలవాటు. నిజానికి వీసా అనేది ఆ దేశపు గుమ్మం దాకా వెళ్ళి ప్రవేశం అడగడానికి ఇచ్చే అర్హత మాత్రమే. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది విమానం దిగిన తర్వాత కౌంటర్‌లో ఉన్న అధికారి నిర్ణయిస్తారు. అమెరికాలోనైనా, ఐరోపాలోని షెంగెన్ దేశాల్లోనైనా, భారతీయులకు వీసా అక్కరలేదని 2023 డిసెంబరు నుంచి ప్రకటించిన మలేసియాలోనైనా పద్ధతి ఇదే. 2023 ఆగస్టులో ఒక్కరోజే 21 మంది భారతీయ విద్యార్థులను అమెరికా విమానాశ్రయాల నుంచి తిప్పి పంపినట్టు వార్తలు వచ్చాయి. వారిలో తెలుగువారు చాలా మంది ఉన్నారు, అందరూ వీసా చేతపట్టుకుని వెళ్ళినవారే.

కాగితం లేక ఆగిపోయేవారికంటే, కాగితంలో ఉన్నదానికీ తమ నోటి నుంచి వచ్చినదానికీ పొంతన కుదరక ఆగిపోయేవారే ఎక్కువని నా అభిప్రాయం. చెన్నై దాకా సాగనంపడానికి రెండు కార్లలో జనం బయలుదేరతారు గానీ, వీసా దరఖాస్తులో ఏం రాశారో చదివినవారు వారిలో సాధారణంగా ఒక్కరూ ఉండరు, ప్రయాణికుడితో సహా.

మీ దరఖాస్తును మీరే చదవాలి

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో ఉన్న ఒక కన్సల్టెన్సీకి సర్టిఫికెట్లు అప్పజెప్పి వచ్చేస్తే మిగతాదంతా వారే చూసుకుంటారన్న నమ్మకంతో సంతకాలు చేసేవారు చాలా మంది. వారు నింపిన దరఖాస్తులోని ప్రతి వాక్యానికీ చట్టం ముందు బాధ్యత మాత్రం దరఖాస్తుదారుడిదే. కాబట్టి దరఖాస్తును సమర్పించే ముందే దాని పూర్తి ప్రతిని అడిగి తీసుకోవాలి; అమెరికా వీసా అయితే డీఎస్-160 అనే ఆన్‌లైన్ దరఖాస్తు మొత్తం, విద్యార్థి అయితే దానితోపాటు విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం, బ్యాంకు పత్రాలు, విశ్వవిద్యాలయానికి పంపిన వివరాలు, అన్నింటినీ ఇంట్లో కూర్చుని ఒక పూట చదవాలి.

కొండపి దగ్గర పొగాకు పండించే తండ్రికి చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం ఉన్నట్టు, వినడానికి బాగుంటుందని ఎవరో రాసేశారనుకుందాం. వీసా ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాల్లో ముగుస్తుంది కాబట్టి అక్కడ అది బయటపడకపోవచ్చు. దిగిన చోట అధికారి మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగితే కుర్రవాడు ‘పొగాకు వేస్తారు సార్’ అని ఉన్నమాటే చెబుతాడు, ఆ ఉన్నమాటే అతని దరఖాస్తును అబద్ధమని తేలుస్తుంది. అమెరికా చట్టం ప్రకారం ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పి వీసా పొందినట్టు తేలితే, ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప, జీవితాంతం ప్రవేశానికి అనర్హులవుతారు. అందువల్ల ఇటువంటి తేడా ప్రయాణానికి ముందే కనిపిస్తే, ఆ అబద్ధాన్ని కంఠస్థం చేసి వెళ్ళడం కాక, ప్రయాణం ఆపుకుని ఇమిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించి సరిదిద్దుకోవడమే సరైన పని.

విద్యార్థి తన కోర్సు పేరు, విశ్వవిద్యాలయం ఉన్న ఊరు, మొదటి ఏడాది ఖర్చు, అందులో విద్యారుణం ఎంత, ఇంటి సొమ్ము ఎంత అన్నది తడుముకోకుండా చెప్పగలగాలి. ఐ-20లో ఉన్న తరగతుల ప్రారంభ తేదీకి 30 రోజులకంటే ముందుగా అమెరికాలో అడుగుపెట్టనివ్వరు కాబట్టి టికెట్ చవకగా దొరికిందని తొందరపడకూడదు. కాగితాలన్నీ చేతిసంచిలోనే ఉండాలి. అబుధాబి మీదుగా వెళ్ళేవారికి అమెరికా అధికారుల తనిఖీ అబుధాబిలోనే జరిగిపోతుందన్న సంగతి తెలియక, ఒరిజినల్ పత్రాలను చెక్-ఇన్ సామానులో వేసి కౌంటర్ ముందు ఖాళీ చేతులతో నిలబడేవారు ఉంటారు.

ఫోన్ గురించి కూడా చెప్పాలి. అమెరికా సరిహద్దు అధికారులకు ప్రయాణికుల ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పరిశీలించే అధికారం ఉంది. పెట్రోలు బంకులోనో హోటల్లోనో పార్ట్‌టైమ్ పని ఎప్పుడు దొరుకుతుంది, గంటకు ఎంత ఇస్తారు అని సీనియర్లతో వాట్సాప్‌లో నడిపిన సంభాషణ బయటపడితే, చదువు సాకుతో పనికి వస్తున్నారని నిర్ధారించడానికి అది చాలు. ఆ సందేశాలను చెరిపేసుకుంటే సరిపోతుందని సలహా ఇచ్చేవారున్నారు. అనుమతి లేని పని చేసే ఆలోచనను మానుకోవాలన్నది నా సలహా.

పేరు విషయంలో

మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో పడి ఉండటం సాధారణం. పాతకాలపు పాస్‌పోర్టుల్లో ఇనిషియల్ తప్ప ఇంటిపేరే ఉండదు. ఒకే పేరు ఉన్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవారిని అనుమతించబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే అంగీకరిస్తామని తర్వాత వివరణ ఇచ్చారు. దుబాయికి వెళ్ళేవారూ, దుబాయి చూసుకుంటూ మరో దేశం వెళ్ళాలనుకునేవారూ టికెట్ కొనకముందే ఈ గడులను చూసుకుని, అవసరమైతే పాస్‌పోర్టు మళ్ళీ తీయించుకోవడం మంచిది. గడువు ఆరు నెలలకంటే తక్కువున్న పాస్‌పోర్టు, పేజీ చిరిగిన పాస్‌పోర్టు కూడా ప్రయాణాన్ని ఆపగలవు.

అమ్మాయి పురుటికి వెళ్ళే తల్లిదండ్రులు

కోవూరు నుంచి డాలస్‌కు కూతురి పురుటికి వెళ్తున్న తల్లిని కౌంటర్‌లో ఎందుకు వచ్చారని అడుగుతారు. ‘అమ్మాయికి వంట చేసిపెట్టాలి, బిడ్డను చూసుకోవాలి, అది మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాలి గదా’ అని ఆవిడ మనస్ఫూర్తిగా చెబుతుంది. మన ఇళ్ళలో ఇంతకంటే సహజమైన మాట లేదు. ఆ అధికారికి మాత్రం అది జీతం లేని ఆయా పనిలాగా వినిపించే ప్రమాదం ఉంది. ఎన్నాళ్ళుంటారని అడిగినప్పుడు ‘వాళ్ళు ఎన్నాళ్ళు ఉండమంటే అన్నాళ్ళు’ అంటే ఆ అనుమానం బలపడుతుంది. అబద్ధం ఆడనక్కరలేదు, ఉన్నదాన్ని తేదీలతో చెప్పాలి. కూతురి కాన్పు ఫలానా నెలలో ఉంది, ఆ సమయంలో తనతో ఉండి ఫలానా తేదీన తిరిగి వెళ్తాను, ఇదిగో తిరుగు టికెట్, ఇంటి దగ్గర నా భర్త, మా పొలం ఉన్నాయి అంటే చాలు. కిందటిసారి ఆరు నెలలు ఉండి వచ్చి, రెండు నెలలు తిరగకుండానే మళ్ళీ ఆరు నెలలకు బయలుదేరితే, వీసా పదేళ్ళదైనా సరే, మీరు అక్కడే కాపురం పెట్టారా అన్న ప్రశ్న తప్పదు.

ఇంగ్లీషు రాకపోవడం నేరం కాదు. అర్థం కాని ప్రశ్నకు తల ఊపడం వల్లనే ముప్పు వస్తుంది. ‘తెలుగు’ అన్న ఒక్క మాట గట్టిగా చెప్పి దుబాసీని అడగాలి. అమెరికాలో ఫోన్ మీద తెలుగు దుబాసీని కలిపే ఏర్పాటు ఉంటుంది. కూతురి చిరునామా, ఫోన్ నంబరు కాగితం మీద రాసుకుని దగ్గర ఉంచుకోవాలి, ఎందుకంటే మరిన్ని ప్రశ్నల కోసం లోపలి గదికి తీసుకెళ్ళిన తర్వాత ఫోన్ వాడనివ్వకపోవచ్చు.

గల్ఫ్‌కు వెళ్ళేవారిని చెన్నైలోనే ఆపవచ్చు

ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి కువైట్‌కు వెళ్ళేవారికి ఆటంకం ముందు మన దేశపు కౌంటర్‌లోనే ఎదురవుతుంది. పదో తరగతి పాసవని వారి పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వలస తనిఖీ అవసరమైన) కోవ కిందికి వస్తుంది. అటువంటివారు కువైట్, సౌదీ, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, యూఏఈ, మలేసియా సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ వ్యవస్థ ఈ-మైగ్రేట్ ద్వారా అనుమతి తీసుకోవాలి. ఇంటిపనికి వెళ్ళే ఈసీఆర్ మహిళకు 30 ఏళ్ళు నిండి ఉండాలి. విజిట్ వీసా మీద పంపిస్తాం, అక్కడ దిగాక పని వీసాగా మార్పిస్తాం అని ఏజెంటు చెప్పే దారి ఈ నిబంధనలను తప్పించుకోవడానికే. చెన్నైలో అధికారి నాలుగు ప్రశ్నలు వేస్తే అది బయటపడుతుంది, ప్రయాణికుడు అక్కడే దిగిపోతాడు, టికెట్ డబ్బు పోతుంది. ఒకవేళ బయటపడకుండా దాటిపోతే అంతకంటే నష్టం, ఎందుకంటే ఆ దేశంలో కష్టం వచ్చినప్పుడు అతని పేరు ఏ రికార్డులోనూ ఉండదు. ఏజెంటుకు లైసెన్సు ఉందా లేదా అన్నది ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. లైసెన్సున్నవారు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి లక్షల్లో అడిగితే అడుగు వెనక్కి వేయాలి.

థాయ్‌లాండ్, కాంబోడియా, లావోస్ వైపు టూరిస్టులుగా వెళ్ళే యువకులను కూడా ఇప్పుడు ఎక్కువగా ప్రశ్నిస్తున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి కాంబోడియాలో సైబర్ మోసాల ముఠాల చేతికి అప్పగించిన ఉదంతం 2024లో విశాఖపట్నంలో బయటపడిన తర్వాత ఇది సహజమే. నిజంగా విహారానికి వెళ్ళేవారు తిరుగు టికెట్, హోటల్ బుకింగు, చేతిలో సరిపడా డబ్బు చూపగలిగితే ఇబ్బంది ఉండదు. మలేసియాకు ఎండీఏసీ, థాయ్‌లాండ్‌కు 2025 మే 1 నుంచి టీడీఏసీ అనే ఆన్‌లైన్ ఫారాలను దిగడానికి ముందు మూడు రోజుల్లోపు నింపాలి. వీటిని ప్రభుత్వ సైటులోనే నింపాలి. ఇవి ఉచితం, వీటికి డబ్బు అడిగే సైట్లు నకిలీవి.

లోపలి గదికి పిలిస్తే

రెండో విడత తనిఖీకి పిలిచినంత మాత్రాన తిరస్కరించినట్టు కాదు. చాలా మంది అక్కడి నుంచి అరగంటలోనో మూడు గంటల్లోనో బయటికి వెళ్ళిపోతారు. అక్కడ మాట నిదానంగా, ఒకే రకంగా ఉండాలి. తెలియనిదాన్ని తెలియదనే చెప్పాలి. అమెరికాలో ఈ దశలో న్యాయవాదిని పక్కన కూర్చోబెట్టుకునే హక్కు ప్రవేశం కోరేవారికి సాధారణంగా ఉండదు. నిర్బంధంలోకి తీసుకుంటే మాత్రం 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం భారత కాన్సులేట్‌కు తెలియజేయమని కోరవచ్చు. అధికారుల నిర్ణయాన్ని కాన్సులేట్ మార్చలేదు గానీ, మీరెక్కడున్నారో ఇంటివారికి చేరవేయగలదు.

ప్రవేశం ఇవ్వబోమని చెప్పిన తర్వాత పెట్టే కాగితాలే అసలు ముఖ్యం, ఎందుకంటే ఒకే విమానంలో వెనక్కి వచ్చిన ఇద్దరిలో ఒకరు ఏడాది తిరగకుండా మళ్ళీ దరఖాస్తు చేసుకోగలరు, మరొకరు ఐదేళ్ళు ఆగాలి. అమెరికాలో అధికారి అంగీకరిస్తే, ప్రవేశం కోసం పెట్టుకున్న అభ్యర్థనను మీరే ఉపసంహరించుకుని తిరిగి రావచ్చు. దానికి ఐ-275 అనే ఫారం ఉంటుంది. ఆ వీసా మామూలుగా రద్దవుతుంది గానీ దానితో ఏళ్ళ నిషేధం రాదు. ఐ-860 కింద సత్వర బహిష్కరణ ఉత్తర్వు ఇస్తే ఐదేళ్ళ నిషేధం పడుతుంది. ఉపసంహరణ మన హక్కు కాదు, అధికారి విచక్షణ. అయినా అడగకపోతే దొరికే అవకాశం తక్కువ కాబట్టి, మర్యాదగా, స్పష్టంగా అడగాలి. కెనడాలోనూ ఇటువంటి తేడానే ఉంది: స్వచ్ఛందంగా వెళ్ళిపోవడానికి అనుమతించవచ్చు, లేదా ఏడాది నిషేధంతో ఉత్తర్వు ఇవ్వవచ్చు, అబద్ధం చెప్పినట్టు తేలితే ఆ నిషేధం ఐదేళ్ళు. షెంగెన్ దేశాల్లో కారణాన్ని గుర్తుపెట్టిన నిర్ణీత ఫారం చేతికివ్వాలి. దాని మీద అప్పీలు చేసుకోవచ్చు గానీ, అప్పీలు పెట్టామని లోపలికి మాత్రం రానివ్వరు.

మీరు చెప్పినదంతా ప్రశ్న, జవాబుల రూపంలో టైపు చేసి సంతకం పెట్టమంటారు. ఎంత అలసిపోయినా, దుబాసీ చేత మొత్తం చదివించుకోకుండా పెట్టకూడదు. అనని మాట అన్నట్టుంటే అక్కడికక్కడే దిద్దమనాలి. త్వరగా ఇంటికి వెళ్ళిపోవాలన్న ఆత్రంతో, చేయని పనిని చేశానని ఒప్పుకున్న సంతకం తర్వాత పదేళ్ళైనా ఫైలులోనే ఉంటుంది. ప్రతి కాగితానికీ నకలు అడిగి తీసుకోవాలి. తిరుగు ప్రయాణం తీసుకొచ్చిన విమానయాన సంస్థ బాధ్యత. టికెట్ ఖర్చును ప్రయాణికుడి నుంచి వారు రాబట్టుకోవచ్చు.

ఇంటికి చేరిన తర్వాత

విద్యార్థి అయితే మొదటి వారంలోనే విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి జరిగింది రాసి, ప్రవేశాన్ని తర్వాతి సెమిస్టరుకు వాయిదా వేయమనో, ఫీజు వాపసు ఇమ్మనో అడగాలి. రుణం ఇచ్చిన బ్యాంకుకు కూడా చెప్పి మిగతా వాయిదాల విడుదల ఆపించాలి, లేకపోతే వాడుకోని డబ్బుకు వడ్డీ పెరుగుతుంది. ఊళ్ళో ఏమనుకుంటారోనని హైదరాబాదులో స్నేహితుడి గదిలో నెలల తరబడి దాక్కునే పిల్లలకు ఈ గడువులన్నీ దాటిపోతాయి. తల్లిదండ్రులు ముందుగా వారిని ఇంటికి రప్పించుకోవాలి.

కారణం కాగితాల్లో స్పష్టంగా లేకపోతే, అమెరికా విషయంలో అక్కడి సమాచార చట్టం కింద సరిహద్దు శాఖ నుంచి మీ ఫైలు నకలు కోరవచ్చు. కారణం ఏజెంటు పెట్టిన నకిలీ పత్రమైతే చెల్లింపుల రసీదులు, వాట్సాప్ సందేశాలు జతచేసి స్థానిక పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వాలి. గల్ఫ్ ఏజెంటు మీదైతే ఈ-మైగ్రేట్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు.

మళ్ళీ దరఖాస్తు చేసేటప్పుడు పాస్‌పోర్టు మార్చుకుంటే పాత సంగతి తెలియదని చెప్పేవారి మాట వినకూడదు, వేలిముద్రలు మారవు గదా. డీఎస్-160లో వీసా నిరాకరించారా, ప్రవేశం నిరాకరించారా, ప్రవేశ అభ్యర్థనను ఉపసంహరించుకున్నారా అని ఒకే ప్రశ్నగా అడుగుతారు. మూడింటిలో ఏది జరిగినా జవాబు ‘అవును’ అనే ఉండాలి, కింద ఇచ్చిన గడిలో తేదీ, విమానాశ్రయం, కారణం రెండు వాక్యాల్లో రాయాలి. ఈసారి ఆ గడిని నింపేది మీ చేయే అయి ఉండాలి.