పొక్లెయిన్‌లో ఫాల్ట్ కోడ్ వస్తే: మల్టీమీటర్ పట్టే ముందు జాగ్రత్తలు

చీమకుర్తి క్వారీలో బండి ఆగిందంటే వెనక టిప్పర్లు వరసకడతాయి. అందరూ తొందరపెట్టేవాళ్లే. పెట్టనీయండి, ముందు ఇవి చూసుకోండి.

• బకెట్ నేలకు దించి, లాక్ లివర్ (హైడ్రాలిక్ కదలకుండా ఆపేది) వేసి, తాళంచెవి మీ జేబులో వేసుకోండి. ఆపరేటర్‌కు చెప్పాం కదా అంటే చాలదు.

• ఉంగరం, స్టీలు వాచీ తీసేయండి. 24 వోల్టులే కదా అనుకోవద్దు. బ్యాటరీ దగ్గర షార్టయితే ఉంగరం వేలి మీదే కాలుతుంది.

• కోడ్ చెరపకండి, ఫొటో తీయండి. అందులో రెండు నంబర్లుంటాయి. ఎస్‌పీఎన్ ఏ భాగమో చెబుతుంది, ఎఫ్‌ఎంఐ ఏమైందో చెబుతుంది: 3 అంటే వోల్టేజీ ఎక్కువ, 4 అంటే తక్కువ, 5 అంటే కరెంటు తక్కువ లేదా వైరు తెగింది. సెన్సర్ పేరు కనపడగానే కొత్తదాని కోసం ఒంగోలుకు ఫోన్ కొట్టడం మనోళ్ల అలవాటు. ముందు కనెక్టర్ చూడండయ్యా! రాతిపొడి పట్టి ఉంటుంది, పిన్ను వదులై ఉంటుంది. కృష్ణపట్నం పోర్టులో తిరిగొచ్చిన బండైతే ఉప్పుగాలికి పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది.

• కనెక్టర్ విప్పేముందు తాళం ఆఫ్ చేసి, పైన దుమ్ము తుడవండి.

• ప్రోబు (మీటర్ సూది)తో వైరు తొడుగు పొడవొద్దు. ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) వైర్లకు టెస్ట్ ల్యాంపు వద్దే వద్దు.

• క్యాన్ లైను (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే రెండు వైర్లు) ఓంలు చూడాలంటే బ్యాటరీ విప్పాకే. 60 దగ్గర వస్తే సరే. 120 వస్తే ఒక చివర టెర్మినేటర్ (లైను చివర ఉండే రెసిస్టర్) అందట్లేదు.

• బ్యాటరీ విప్పేటప్పుడు నెగిటివ్ ముందు, బిగించేటప్పుడు చివర.