కెరెన్ సాపర్‌కి మన రంగు: 1/35 సైనిక బొమ్మ చేసే పద్ధతి

సైనిక బొమ్మల కిట్లలో చాలావాటి రంగుల పట్టికలో ముఖానికి వేయమని ఉండేది ‘ఫ్లెష్’. అంటే తెల్లవాళ్ల లేత గులాబీ రంగు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో దాదాపు 25 లక్షల మంది ఉన్నారు. రోడ్లు వేసి, వంతెనలు కట్టి, మందుపాతరలు తీసే మద్రాస్ సాపర్స్ దళంలో మన తెలుగువాళ్లూ పనిచేశారు. వాళ్ల బొమ్మకి ఆ గులాబీ రంగు పూస్తే నాకు మనసొప్పదు. అందుకే ఇక్కడ చెప్పేది 1941 మార్చిలో, అప్పటిదాకా ఇటలీ చేతిలో ఉన్న ఆఫ్రికాలోని ఎరిత్రియాలో, కెరెన్ కొండల దగ్గర నాలుగో భారత డివిజన్‌తో ఉన్న ఒక మద్రాస్ సాపర్‌ని తయారుచేయడం గురించి. ఇటాలియన్లు పేల్చి మూసేసిన కొండదారిని కాల్పుల మధ్యే తెరిచింది సాపర్లే.

1/35 స్కేల్, అంటే అసలు మనిషిలో 35వ వంతు ఉండే బొమ్మ తీసుకోండి. అయిదడుగుల తొమ్మిది అంగుళాల మనిషి ఇందులో 50 మిల్లీమీటర్లు వస్తాడు. ముఖంలో పనిచేయడానికి చోటుంటుంది. 1/72లో అదే మనిషి 24 మిల్లీమీటర్లే, మొదటి బొమ్మకి అది వద్దు. టామియా వాళ్ల బ్రిటిష్ ఎనిమిదో ఆర్మీ సెట్‌లో నిక్కర్లు, ఇనప టోపీలు ఉన్న బొమ్మలుంటాయి. కెరెన్‌లో మనవాళ్లు వేసుకున్నదీ ఖాకీ చొక్కా, నిక్కరే కాబట్టి సరిపోతుంది. విజయవాడలో ఇలాంటి కిట్ కోసం షాపులు తిరిగే కంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం నయం. బ్రష్‌లు, అక్రిలిక్ రంగులు మాత్రం బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల స్టేషనరీ షాపుల్లో చూసి కొనండి. బ్రష్‌ని నీళ్లలో ముంచి విదిలిస్తే మొన సూదిలా నిలవాలి. నంబరు 1 సైజు మంచిది ఒక్కటుంటే ముఖం కూడా దానితోనే అయిపోతుంది. మరీ సన్నని బ్రష్‌లో రంగు నిలవదు, బొమ్మ దాకా వెళ్లేలోపే ఆరిపోతుంది.

కిట్‌లో విడి భాగాలు ఒక ప్లాస్టిక్ ఫ్రేమ్‌కి అతుక్కుని వస్తాయి. వాటిని ఫ్రేమ్ నుంచి కట్టర్‌తో కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన ముక్కని బ్లేడుతో చెక్కేయండి. ప్రతి చేతికీ కాలికీ పక్కన సన్నని గీత కనిపిస్తుంది. అచ్చు రెండు సగాలు కలిసినచోటు అది. బ్లేడుని నిలువుగా పట్టి గీకి, 600 నంబరు ఎమెరీ పేపరు తడిపి రుద్దండి. ఈ గీత వదిలేస్తే రంగు పడ్డాక ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్ సిమెంటే వాడండి. అది ప్లాస్టిక్‌ని కాస్త కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. ఫెవిక్విక్ రెజిన్ భాగాలకీ లోహానికీ. భుజాల దగ్గర మిగిలే సందుల్లో పుట్టీ పెట్టండి. మన కొండపల్లి వాళ్లు పొణికి చెక్క ముక్కల్ని మక్కుతో (చింతగింజల జిగురు, చెక్కపొట్టు కలిపిన ముద్ద) అతికి, దాని మీద సున్నం పూత వేసి, అప్పుడు రంగుల్లోకి దిగుతారు. ఇక్కడా వరస అదే. ఆ పని ఒకసారి దగ్గరుండి చూస్తే సందు పూడ్చడం, నునుపు చేయడం ఎంత ఓపికగా చేయాలో తెలుస్తుంది.

అతికినవన్నీ ఒక రాత్రి ఆరాక, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన నీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి కడగండి. చేతి జిడ్డు ఉంటే రంగు పట్టదు.

ప్రైమర్ అంటే రంగుకి ముందు వేసే అడుగు పూత. ఆ స్ప్రేకి మన ఊరి వాతావరణం చూసుకోవాలి. వానాకాలం గాలిలో తేమకి పూత తెల్లగా మసకబారుతుంది. రోహిణీ కార్తె ఎండలో డాబా మీద కొడితే తుంపర బొమ్మని చేరకముందే ఆరి, ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. ఎండాకాలమైతే వెలుతురున్న నీడలో, గాలాడే వరండాలో, ఫ్యాన్ ఆపి కొట్టండి. డబ్బాని రెండు నిమిషాలు బాగా ఊపి, జానెడు దూరం నుంచి పలచగా, చెయ్యి ఆగకుండా. బూడిద రంగు ప్రైమర్ చాలు. రంగులు వేసేటప్పుడు కూడా ఫ్యాన్ కింద కూర్చుంటే ప్లేట్‌లోనే గట్టిపడతాయి. మూతున్న డబ్బాలో తడి టిష్యూ పరిచి, దాని మీద బటర్ పేపరు వేసి, ఆ కాగితం మీద రంగు కలుపుకుంటే మర్నాటిదాకా పనికొస్తుంది.

ఇక ఒంటి రంగు. దీనికి ఎంత సమయం పట్టినా పెట్టండి. బర్న్ట్ సియెనా (ఎర్ర గోధుమ) రెండు పాళ్లు, ఎల్లో ఆకర్ (మట్టి పసుపు) ఒక పాలు, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) ఒక పాలు కలిపితే ఎండలో పనిచేసే మన మనిషి రంగు దగ్గరికి వస్తుంది. నీళ్లు కలిపి పలచగా రెండు మూడు పూతలు వేయండి. నీడలకి అందులోనే అంబర్ ఎక్కువ చేసి రవ్వంత ఎరుపు కలపండి. నలుపు కలపకండి, ముఖం మసి పట్టినట్టవుతుంది. వెలుగు పడే చోట్లకి తెలుపు కలపడం ఇంకా పెద్ద పొరపాటు, చర్మం బూడిద పూసినట్టు కనిపిస్తుంది. ఒంటి రంగులోనే ఆకర్, కొద్దిగా ఆరెంజ్ కలిపి నుదురు, ముక్కు దూలం, చెంప ఎముకలు, గడ్డం మీద చిన్న చిన్న మచ్చలుగా పెట్టి అంచులు కలిపేయండి.

తెల్ల సైనికుల బొమ్మలకి చెప్పే సూత్రాలు కొన్ని ఇక్కడ తిరగబడతాయి. వాళ్ల మోకాళ్లకి, మోచేతులకి గులాబీ ఛాయ వేయమంటారు. మనవాళ్లకి మోకాలు, మోచెయ్యి చుట్టూ ఉన్న చర్మం కంటే నల్లగా ఉంటాయి, నిక్కరు వేసిన బొమ్మలో ఇది బాగా తెలుస్తుంది. గీసుకున్న గడ్డానికి వాళ్లకి నీలి బూడిద ఛాయ. మనకి ముదురు గోధుమ. కళ్ల కింద కాస్త ముదురు ఛాయ, పెదాలు ముదురు గోధుమ, కింది పెదవి మధ్యలో మాత్రం కొంచెం ఎరుపు. అరచెయ్యి కనిపిస్తుంటే ఒంటి కంటే లేతగా వేసి, గీతల్లో అంబర్ నింపండి. అనుమానం వస్తే మీ చేతినే వెలుతురులో పెట్టి చూసుకోండి.

కంటికి తెలుపు వద్దు. ఈ స్కేల్‌లో కన్ను మిల్లీమీటరు వెడల్పు కూడా రాదు. పైగా టోపీ అంచు నీడలో ఉంటుంది. ముదురు గోధుమ గీత ఒకటి గీసి, కింద రెప్పకి ఒంటి రంగుతో సరిచేస్తే చాలు, మనిషి చూస్తున్నట్టే ఉంటాడు.

ఖాకీ నూలు బట్ట ఉతికే కొద్దీ, ఎండకి ఎండే కొద్దీ వెలుస్తుంది. చొక్కా, నిక్కరు ఒకేలా వెలవవు కాబట్టి రెండింటికీ రెండు ఛాయలు వేయండి. బెల్టులు, పట్టీలు ఇంకో ఛాయ. అంబర్‌ని బాగా నీళ్లగా చేసి మడతల్లోకి వదిలితే నీడలు వాటంతటవే కుదురుతాయి. తర్వాత బ్రష్‌ని దాదాపు పొడిగా తుడిచి లేత ఖాకీతో మడతల అంచుల మీద తేలిగ్గా రాయండి. రైఫిల్ ఇస్తే లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 ఇవ్వండి. చెక్క భాగం తుపాకీ గొట్టం చివరిదాకా వచ్చే రకం అది. లోహపు భాగాలకి నలుపు వేసి, ఆరాక 6బి పెన్సిల్ అంచుల మీద రుద్దితే ఇనుము మెరుపు వస్తుంది, వెండి రంగు కంటే ఇది ఎంతో నిజంగా ఉంటుంది.

చివర్లో మొత్తానికి మెరుపు లేని మ్యాట్ వార్నిష్. అది ఆరాక ముక్కు, నుదురు మీద మాత్రం కాస్త మెరిసే సాటిన్ వార్నిష్ చుక్క తాకించండి, చెమట పట్టినట్టుంటుంది. కెరెన్ రాతి నేల, కాబట్టి బూట్లు, కాళ్ల పట్టీల మీదకి లేత గోధుమ దుమ్ము రావాలి. బొమ్మ కింద నేలకి కృష్ణ ఇసుక అలాగే వేస్తే ఈ స్కేల్‌కి గులకరాళ్లంత కనిపిస్తుంది. పలచటి గుడ్డలో జల్లించి, కింద దిగిన మెత్తటి పొడినే వాడండి.