మూడు వ్యవస్థలు, ఒక జీడి ఫ్యాక్టరీ: పోల్చడం ఎలా?

డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. పెట్టుబడిదారీ విధానం, సోషలిజం, కమ్యూనిజం పోల్చమంటే చాలామంది గైడులోని పట్టిక అప్పజెబుతారు. దాన్ని పక్కనపెట్టి, మీకు దగ్గరగా తెలిసిన ఒక పని తీసుకోండి. నేను పలాస జీడి ఫ్యాక్టరీని తీసుకుంటాను. మా అమ్మ అక్కడ పప్పు పొట్టు తీసేది.

మూడే ప్రశ్నలు. ఫ్యాక్టరీ ఎవరిది? ధర, ఉత్పత్తి ఎవరు నిర్ణయిస్తారు? ఖర్చులు పోగా మిగిలింది ఎవరికి పోతుంది?

ఇప్పటి జవాబులు రాయండి. షెడ్డు, బాయిలర్ యజమానివి. ఉద్దానం రైతుకు 80 కిలోల పిక్కల బస్తాకు ఎంతొస్తుందో మార్కెట్ తేలుస్తుంది. లాభనష్టాలు యజమానివి, పొట్టు తీసినవాళ్లకు కిలోకింతని కూలి. ఇది పెట్టుబడిదారీ విధానం. ఎవరి లాభం వాళ్లు చూసుకున్నా పోటీ వల్ల సరుకు జనానికి చేరుతుందని 1776లోనే ఆడం స్మిత్ వాదించాడు. ఆ బలాన్ని తగ్గించి రాయకండి. పని లేని నెలల్లో కూలి ఇల్లు ఎలా గడుస్తుందో ఆ లెక్కలోకి రాదు. అదీ రాయండి.

ఇప్పుడు అదే షెడ్డు ప్రభుత్వానిదో, పనిచేసేవాళ్ల సహకార సంఘానిదో అనుకోండి. అది సోషలిజం వైపు. పిల్లలు తొందరపడేది ఇక్కడే: ఆస్తి అందరిదైతే ధర కూడా పైనుంచే రావాలని లేదు. సోవియట్ యూనియన్‌లో 1928 నుంచి పంచవర్ష ప్రణాళికలతో టార్గెట్లు మాస్కో నుంచి వచ్చాయి. భారీ పరిశ్రమలు వేగంగా పెరిగాయి, ఇంట్లోకి కావలసిన సరుకులకు మాత్రం కొరత తప్పలేదు. భూముల్ని బలవంతంగా సమష్టి చేశాక 1932-33 కరువులో లక్షల మంది చనిపోయారు. చైనాలో పాలన కమ్యూనిస్టు పార్టీదే అయినా 1978 తర్వాత మార్కెట్‌ను రానిచ్చారు. అందుకే మొదటి, రెండో ప్రశ్నల్ని ఎప్పుడూ కలపొద్దు.

కమ్యూనిజం ఇంకా అవతలి మాట. చేతనైనంత పనిచేసి, అవసరమైనంత తీసుకునే సమాజం గురించి మార్క్స్ 1875లో రాశాడు. అందులో యజమాని, కూలి అన్న తేడా ఉండదు. ఆ దశకు ఏ దేశమూ చేరలేదు. సోవియట్ రాజ్యం కూడా తన పేరులో సోషలిస్టు అనే పెట్టుకుంది.

ఒకదాని కలను ఇంకోదాని ఆచరణతో పోల్చకండి. ఈ విషయంలో నేను గట్టిగా ఉంటాను, ఎందుకంటే అప్పటి మన శ్రీకాకుళం జిల్లాలో ఇది పుస్తకాల గొడవ కాదు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే గిరిజనుల్ని భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఆ తర్వాత సాగిన శ్రీకాకుళం గిరిజన పోరాటాన్ని ఏ వాదం కింద రాసినా, భూమి ఎవరి చేతిలో ఉండేది, అప్పుల పేరుతో పంట ఎవరింటికి పోయేది అన్నవి ముందు రాయండి.

తర్వాత ఇవే ప్రశ్నలు రేషన్ బియ్యానికి, ఆర్టీసీ బస్సుకు, 1969లో జాతీయం చేసిన 14 బ్యాంకులకు వేసి చూడండి. ఒక్కోదానికి జవాబు ఒక్కోలా వస్తుంది. మన దేశాన్ని మిశ్రమ ఆర్థిక వ్యవస్థ అని రాసేటప్పుడు ఆ జవాబులే ఉదాహరణలుగా ఇవ్వండి.