చిన్న ద్వీపపు చట్టంలోకి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు

ముందు పాత క్వారంటైన్ చట్టం తీసి చదవండి. అందులో కలరా, ప్లేగు, ఎల్లో ఫీవర్ అంటూ జబ్బుల జాబితా మాత్రమే ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఆమోదించిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలకు అది చాలదు. పేరు తెలియని రోగానికీ, రసాయన ప్రమాదానికీ వర్తించేలా నిర్వచనం మార్చాలి. మీ దేశం తిరస్కరించి ఉంటే తప్ప, 2024 సవరణలు కలిపిన పాఠాన్నే వాడండి.

గడువులు చట్టంలోనే ఉండాలి: అత్యవసర ఆరోగ్య ఘటన కబురు అందిన 48 గంటల్లో దాని అంచనా, అది తేలిన 24 గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు సమాచారం. చాలా ముసాయిదాలు దెబ్బతినేది ఇక్కడే. సమాచారం పంపడానికి మంత్రి సంతకం కావాలని రాస్తే, ఆయన ఊళ్లో లేని రోజు గడువు దాటిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థతో సంప్రదింపులు చూసే ఫోకల్ పాయింట్‌ను మనిషి పేరుతో కాదు, పదవితో నియమించండి. బదులుగా పనిచేసే మరో పదవినీ చేర్చండి, ఎందుకంటే రాత్రీ పగలూ ఎవరో ఒకరు ఫోన్ ఎత్తాలి.

ఓడల పారిశుద్ధ్య ధ్రువపత్రం గరిష్ఠంగా 6 నెలలే చెల్లుతుంది. వాటిని జారీచేసే రేవుల పేర్లు షెడ్యూల్‌లో పెట్టి, దాన్ని ఉత్తర్వుతో మార్చే వీలు ఉంచండి.